వెనక్కి దారి చూసుకున్నారా?

లైల్ ట్రెజైస్ ఆ కంప్యూటరు ఆటలో అందరికన్నా చేతకాని ఆటగాడా, అందరికన్నా చేయి తిరిగినవాడా? వెర్నా హోస్కింగ్ నలభై ఏళ్ళు లైబ్రరీ బల్ల వెనక కూర్చుని ఊరంతా అడిగిన ప్రశ్నలకు జవాబులు వెతికిపెట్టిన మనిషి. సీసం ఎంత వేడికి కరుగుతుందో, ఎవరి తాత ఏ ఓడలో వచ్చి దిగాడో, అడిగిన పూటే చెప్పేది. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం ఆమె దగ్గర ఈనాటికీ జవాబు లేదు.

లైల్ గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే ఆస్ట్రేలియా గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లో ఎవరైనా చెప్పేది ఒకటే. ముందుకు అడుగు వేయాలంటే అతనికి ముందు వెనక్కి దారి కనబడాలి. అది కనబడితే పాతాళానికైనా దిగుతాడు. కనబడకపోతే విందు భోజనానికైనా కూర్చోడు. వీధి మలుపు తిరిగేముందు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాడు.

బూట్ల కొట్టులో కొత్త జత తొడుక్కున్నవాళ్ళు ముందుకు నాలుగడుగులు వేసి చూసుకుంటారు. లైల్ వెనక్కి వేసి చూసుకునేవాడు. ముందుకు నడవడానికి ఏ బూటైనా పనికొస్తుంది, వెనక్కి నడిచినప్పుడే దాని గుణం తెలుస్తుందని అతని సిద్ధాంతం. ఆ సిద్ధాంతం కొద్దీ ఒకసారి గాజు తలుపు మీదా, ఒకసారి మేయరు భార్య మీదా పడ్డాడు. తర్వాత నుంచి లైల్ రావడం చూస్తే చాలు, కొట్టువాడు లేచి వెళ్ళి వెనక తలుపు బార్లా తెరిచి ఉంచేవాడు.

మేనకోడలి పెళ్ళిలో చర్చి మెట్ల మీద పెళ్ళికొడుకును పక్కకు పిలిచాడు. పాదిరిగారి గదిలోంచి వెనక సందులోకి ఒక తలుపు ఉందనీ, గడియ కాస్త బిగుసుకుందనీ, భుజంతో ఒక్క నెట్టు నెడితే వస్తుందనీ చెవిలో చెప్పాడు. నిప్పంటుకుంటే ఎలా అన్నది అతని బాధ. పెళ్ళికూతురి తల్లికి, అంటే సొంత చెల్లెలికి, ఈ సంగతి తెలిసింది, రెండేళ్ళు ఆవిడ అతని మొహం చూడలేదు. పెళ్ళికొడుకు మాత్రం ప్రతి క్రిస్మస్‌కూ లైల్‌కు ఒక మంచి సీసా పంపుతూనే ఉన్నాడు. ఎందుకని ఎవరూ తరచి అడగలేదు.

అతను ముప్ఫై నాలుగేళ్ళు గనిలో పనిచేశాడు. అందులో ఇరవై ఏళ్ళు షిఫ్టు బాసు. అతని షిఫ్టులో ఒక్క మనిషి పోలేదు. అసలు మనుషుల్ని ఖనిజం దాకా వెళ్ళనిస్తే కదా పోవడానికి అనేవారు గిట్టనివాళ్ళు. గనిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను పలక మీద ‘లోపల’ వైపు మేకుకు తగిలించి దిగాలి. పైకొచ్చాక దాన్ని తీసి ‘బయట’ వైపు తగిలించాలి. ‘లోపల’ ఒక్క బిళ్ళ మిగిలినా లైల్ కదిలేవాడు కాదు.

ఒక రోజు నెవ్ పాస్కో అనే డ్రిల్లరు పైకొచ్చి, దాహం తొందరలో బిళ్ళ మార్చడం మరిచిపోయి సారా దుకాణానికి పోయాడు. లైల్ దీపం పట్టుకుని మళ్ళీ కిందికి దిగాడు. గంట మోగింది. మనిషి తప్పిపోయాడన్న మాట ఊళ్ళోకి పాకింది. దుకాణంలో ఆ మాట విన్న నెవ్ గ్లాసు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చి, వెతికేవాళ్ళ గుంపులో చేరి, తన కోసం తానే రెండు గంటలు వెతికాడు. నడి సొరంగంలో ఎవరో నెవ్ పేరు పెట్టి గట్టిగా కేక వేస్తే, ‘ఏంట్రా’ అన్నాడట. ఆ కథ ఇప్పటికీ ఎవరు చెప్పినా నవ్వని నోరు ఉండదు, ఒక్క లైల్‌ది తప్ప. అతను ఆ సంగతి రాగానే లేచి వెళ్ళిపోయేవాడు, చెప్పాపెట్టకుండా. అసలు వెళ్ళొస్తానని సెలవు తీసుకోవడం అతనికి అలవాటే లేదు. గనిలోకి దిగేవాడు సెలవు తీసుకోకూడదని పాతకాలం నమ్మకం. ఉద్యోగం మానేసినా నమ్మకం మానలేదు. టీ తాగుతూ తాగుతూ ఉన్నవాడు కప్పు ఖాళీ అయితే కనబడడు, అంతే.

అలాంటి మనిషి చేతికి ఊపిరితిత్తుల డాక్టరు ఆ ఆటను ఇచ్చాడు. కొండలెక్కవద్దు, దుమ్ములో తిరగవద్దు, ఎక్కాలనిపిస్తే ఇందులో ఎక్కమన్నాడు. అంతులేని ప్రపంచం. అడవులు, చిత్తడి నేలలు, మంచు కనుమలు. ఎటు కావాలంటే అటు పోవచ్చు. దారిలో ఎదురైన ప్రతి ప్రాణీ చంపడానికే వస్తుంది. మనిషి ఒక్కో మెట్టూ ఎక్కుతూ బలం పెంచుకుంటూ పోవాలి. ప్రపంచంలో కుర్రకారంతా మొదటి ఊరిని అరగంటలో దాటిపోతారు. లైల్ ఏడేళ్ళయినా దాటలేదు. పైగా కొత్తవాళ్ళకు నేర్పుతానని బయలుదేరాడు.

క్లోరైడ్ వీధిలో పాత బ్యాండువాళ్ళ హాలు వెనక గది అతని బడి. గని ఆఫీసు పారేసిన కంప్యూటర్లు ఏడు. తలుపు పక్కన పలక, మేకులు, మూతపడిన గని నుంచి తెచ్చిన ఇత్తడి బిళ్ళలు. కుర్చీలో కూర్చునేముందు బిళ్ళ ‘లోపల’ తగిలించాలి, లేచాక ‘బయట’కు మార్చాలి. విద్యార్థులు ఆరుగురూ అరవై దాటినవాళ్ళే. నెవ్ పాస్కో మొదటి విద్యార్థి. అతని బిళ్ళకు లైల్ ఎర్ర రిబ్బను కట్టాడు.

పాఠ్యపుస్తకం కూడా లైల్ రాసిందే. షిఫ్టు రిపోర్టు పుస్తకంలో ఎర్ర పెన్సిలుతో మూడువందల పేజీలు. మొదటి అధ్యాయం, ఎలా పారిపోవాలి. రెండోది, పారిపోయేటప్పుడు ఏవి పారేయాలి. కత్తి ప్రస్తావన నూట నలభయ్యో పేజీకి గానీ రాదు. వెర్నా మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నవ్వుకుంది. ఇంటికి తీసుకెళ్ళి చదివాక నవ్వు తగ్గింది. పుస్తకాలతోనే బతికిన మనిషి కనుక మంచి పుస్తకాన్ని ఆమె వాసన పట్టగలదు.

తెర అంచున ఒక పచ్చ గీత ఉంటుంది. పరిగెత్తినా, దెబ్బ తప్పించుకోవడానికి నేల మీద పొర్లినా, కత్తి ఊపినా అది తరుగుతుంది. లైల్ దాన్ని ‘గాలి’ అని రాశాడు. గాలి సగానికి పడితే పని ఆపు. గాలి లేనిచోట వీరుడూ పిరికివాడూ ఒకేలా పడతారు. మెట్టు ఎక్కినప్పుడల్లా దొరికే బలాన్ని ముందు ప్రాణం మీద పెట్టు, తర్వాత గాలి మీద, మిగిలితే కత్తి మీద. ఒకే కత్తిని పట్టుకుని దానికే సాన పెట్టు. పది కత్తులు మోసేవాడు పొర్లలేడు. ఇద్దరు కలిసి వస్తుంటే రాయి విసిరి ఒకణ్ణి ఇటు లాక్కో. ఎదుటివాడు మూడుసార్లు చెయ్యి ఎత్తేదాకా నువ్వు ఎత్తకు. ఏ భుజం ముందు దిగుతుందో చూసుకో. అప్పుడు రెండు దెబ్బలు కొట్టి వెనక్కి జరుగు. మూడోది కొట్టమని చెయ్యి పీకుతుంది. సమాధుల్లో ఉన్నవాళ్ళంతా మూడో దెబ్బవాళ్ళే.

లాంతర్ల మీదే ఒక అధ్యాయం ఉంది. ఆ ఆటలో చచ్చినవాడు దగ్గరలో వెలుగుతున్న లాంతరు పక్కన మళ్ళీ లేస్తాడు. లాంతరు లేకపోతే మొదటి ఊళ్ళో లేస్తాడు, మళ్ళీ మొదటి నుంచి నడక. లాంతరును ఎవరైనా పాతవచ్చు, అది అందరికీ పనికొస్తుంది. కానీ పాతేవాడు అక్కడిదాకా తన కాళ్ళతో పోవాలి. నూనె వారం రోజులకు మించి ఉండదు.

ఇంత రాసిన మహానుభావుడు మొదటి ఊరి వంతెన మీద ఉండే మేకపోతు చేతిలో రోజుకు మూడుసార్లు చచ్చేవాడు. అందరూ చూస్తుండగానే. అది తల వంచి వచ్చేది, లైల్ బొమ్మ గాల్లోకి లేచి వాగులో పడేది. గది గదంతా విరగబడి నవ్వేది. లైల్ నొచ్చుకోకుండా, అది ముందు ఏ కాలు దువ్విందో ఎవరైనా చూశారా అని అడిగేవాడు. ఎవరూ చూసేవారు కాదు. అయితే మళ్ళీ చూడమని మళ్ళీ చచ్చేవాడు.

‘గురువుగారిని మేక మేసేసింది’ అనేవాడు నెవ్.

వెర్నా అక్కడికి రావడానికి కారణం చెల్లెలు బెరిల్. మూడేళ్ళ కిందట వాళ్ళ అమ్మ పోయినప్పుడు బెరిల్ చర్చిలో నిలబడి నాలుగు మాటలు చదవడం మొదలుపెట్టింది. అమ్మ ఈ ఊరికి అరవై ఒకటిలో కాపురానికొచ్చింది అనగానే, మొదటి వరసలోంచి వెర్నా ‘అరవై రెండు’ అంది. గట్టిగా అనలేదు. కావాలని అనలేదు. తప్పు వినబడితే దిద్దడం నలభై ఏళ్ళ అలవాటు, నోరు తన పని తాను చేసుకుపోయింది. బెరిల్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రమే సముద్రం అవతల తానుండే హోబర్ట్ వెళ్ళిపోయింది. ఫోను ఎత్తదు. ఉత్తరాలు ‘ఈ చిరునామాలో లేరు’ అని తిరిగొచ్చేవి, బెరిల్ దస్తూరీలోనే.

పినతండ్రి కొడుకు ఒకడి వల్ల తెలిసిందేమంటే, బెరిల్‌కు తుంటి ఎముక మార్చారు. మంచం మీద పొద్దుపోక ఈ ఆటలో పడింది. ఆదివారం మూడింటి నుంచి ఐదింటి దాకా ఆ ప్రపంచం చివరన ఉన్న లైట్‌హౌస్ కింద కూర్చుని గాలం వేసుకుంటుంది. అక్కడ ఆమె పేరు ‘కర్నల్’. అది వాళ్ళు చిన్నప్పుడు పెంచిన చిలక పేరు. ఆ మాట విన్నాక వెర్నాకు ఆశ పుట్టింది. హోబర్ట్ దాకా వెళ్తే మొహం మీద తలుపు వేస్తుందేమో గానీ, లైట్‌హౌస్ కింద తలుపు లేదు కదా.

మొదటి రోజే లైల్‌కు సంగతి చెప్పింది. లైట్‌హౌస్‌కు వెళ్ళాలి, నేర్పమంది.

‘వెనక్కి దారి చూసుకున్నారా?’ అన్నాడు లైల్.

‘నాకు వెనక్కి వచ్చే పని లేదండీ. మా చెల్లెలు ఉందక్కడ.’

‘అలా అన్నవాళ్ళనే నేను భుజాన వేసుకుని మోసుకొచ్చింది’ అని ఆమె చేతిలో ఎనభై ఎనిమిదో నంబరు బిళ్ళ పెట్టాడు.

అది మార్చి నెల. ఏప్రిల్ అంతా వెర్నా పొర్లడం నేర్చుకుంది. ముందుకు పొర్లినవాళ్ళను లైల్ లెక్కలోకి తీసుకోడు కనుక వెనక్కే నేర్చుకుంది. వాగులో ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. ఒక విచిత్రం మాత్రం ఆమె గమనించింది. గదిలో ఎవరూ ఆమెను చూసి నవ్వలేదు. నవ్వంతా లైల్ మీదే ఖర్చయిపోయేది. ఇరవై మూడో రోజున మేకపోతు ముందు ఎడమ కాలు దువ్వుతుందని కనిపెట్టి, పక్కకు తొలగి, రెండు దెబ్బలు కొట్టి వెనక్కి జరిగింది. మేక వాగులో పడింది. నెవ్ లేచి చప్పట్లు కొట్టాడు. లైల్ మాత్రం, మూడోది కొట్టలేదు, బాగుంది అన్నాడు.

మే నెలాఖరుకు ఆమె మొదటి ఊళ్ళోనే పదో మెట్టుకు చేరింది. ఊరు దాటకుండా పదో మెట్టు ఎక్కినవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ ఉండరని నెవ్ ఘంటాపథంగా చెప్పాడు. అప్పుడు పడింది పిడుగు. జూన్ చివరి ఆదివారంతో ఆ ప్రపంచాన్ని మూసేస్తున్నామని ఆట నడిపేవాళ్ళు ప్రకటించారు. ఆ తర్వాత ఊళ్ళుండవు, మేక ఉండదు, లైట్‌హౌస్ ఉండదు. చెల్లెలితో మాట్లాడటానికి భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క తలుపులేని చోటు ఉండదు.

ఆ రోజే బయలుదేరతానంది వెర్నా. ఇంకో వారం ఆగమన్నాడు లైల్. వారం ఆగింది. ఇంకో వారం అన్నాడు. ఆ వారాల్లో అతని వాలకమూ బాగాలేదు. కళ్ళు ఎర్రగా ఉండేవి. నెవ్ జోకు మధ్యలోనే కునుకు తీసేవాడు. మేకపోతు చేతిలో చచ్చే ఓపిక కూడా తగ్గి రోజుకు రెండుసార్లే చచ్చేవాడు. వయసు మీద పడిందని అందరూ అనుకున్నారు. చివరి శనివారం కూడా అతను రేపటి సంగతి రేపు చూద్దామనేసరికి వెర్నా ఓపిక తెగింది. లైబ్రరీలో నలభై ఏళ్ళు గొంతు పెంచని మనిషి, అప్పుడూ పెంచలేదు. అందుకే గది మొత్తం వింది.

‘మీకు భయం, లైల్ గారూ. మీ భయం కోసం నా చెల్లెల్ని వదులుకోలేను.’

లైల్ పలక వైపు చూశాడు.

‘భయమేనమ్మా’ అన్నాడు. ‘అందుకే అందరూ పైకొచ్చారు.’

మర్నాడు ఆదివారం. రెండింటికి ఆమె వచ్చేసరికి జూన్ చలికి వేసిన హీటరు వేడెక్కి ఉంది, లైల్ తన మూలలో ఉన్నాడు. ఆపితే గట్టిగా సమాధానం చెప్పాలని ఇంటి దగ్గరే మాటలు కూర్చుకుని వచ్చింది. అతను ఆపలేదు. వెర్నా తన బిళ్ళ తానే తీసి ‘లోపల’ మేకుకు తగిలించి కూర్చుంది.

‘కవచం విప్పేయండి, బరువు’ అన్నాడు లైల్.

వంతెన దాటింది, మేకకు దణ్ణం పెట్టి. చిత్తడి నేల మొదలయ్యేచోటే ఏదో కాలు పట్టి లాగింది, చచ్చింది. సరే, మళ్ళీ మేక దగ్గర లేస్తాననుకుంటే, చిత్తడి అంచునే లేచింది. పక్కన లాంతరు వెలుగుతోంది, నిండా నూనెతో. దాని కమ్మీ మీద 417 అని చెక్కి ఉంది. కింద ఒక బాణం గుర్తు. ఆ బాణం మొదటి ఊరి వైపు చూపిస్తోంది.

వెర్నా తెర మీంచి తల తిప్పి పలక వైపు చూసింది. 417 లైల్ బిళ్ళ. అతను మూలలో మేకతో కుస్తీ పడుతున్నాడు.

ఆమె ముందుకు నడిచింది. అడవి మలుపులో ఇంకో లాంతరు, 417, బాణం వెనక్కి. వాగు దాటే చోట ఇంకొకటి, బాణం వెనక్కి. మూడు దారులు చీలిన చోట ఎటు పోవాలో తోచలేదు, రెండు నిమిషాలు నిలబడితే అర్థమైంది. బాణం ఎటు చూపిస్తోందో దానికి సరిగ్గా ఎదురు దిక్కున పోవడమే. ఈ లోకంలో ప్రయాణికులందరూ బాణాలు చూపిన వైపు పోతారు. లైల్ ట్రెజైస్ శిష్యులు మాత్రం బాణాలకు వీపు పెట్టి పోవాలి.

మంచు కనుమలో రాక్షసుడున్నాడు. తాటిచెట్టంత మనిషి, బండంత గద. అక్కడ పదడుగుల్లో మూడు లాంతర్లున్నాయి. పాతినవాడు ఆ పదడుగులకు ఎన్నిసార్లు ప్రాణం వదిలి ఉంటాడో ఆ లాంతర్లే చెప్పాయి. వెర్నా ఆరుసార్లు చచ్చింది. ప్రతిసారీ రాక్షసుడి కాళ్ళ దగ్గరే లేచింది, నడక తప్పింది. ఏడోసారి కత్తి తీయకుండా మూడు గద దెబ్బలు తప్పించుకుంటూ చూసింది. ఎడమ భుజం ముందు దిగుతోంది. దిగగానే వెనక్కి పొర్లింది, మోకాలి మీద రెండు దెబ్బలు వేసింది. వాడు ఒరిగాడు. మూడోది వేయమని చెయ్యి నిజంగానే పీకింది. వేయలేదు. వాడు లేచేలోగా కాళ్ళ సందులోంచి పరిగెత్తింది.

లైట్‌హౌస్ కనబడేసరికి గోడ గడియారం ఐదుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం హోబర్ట్ గడియారం గుర్తొచ్చింది. బ్రోకెన్ హిల్ గడియారం హోబర్ట్ గడియారానికి అరగంట వెనక నడుస్తుంది. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు వంద ఏళ్ళుగా రైళ్ళు అందుకోలేకపోతున్నదీ, దూరదేశపు బంధువుల్ని తప్పు వేళకు నిద్రలేపుతున్నదీ ఈ అరగంట వల్లే. ఊరంతటికీ ఆ లెక్క చెప్పే లైబ్రేరియనే ఇవాళ మరిచిపోయింది. అక్కడ ఐదు దాటి ఇరవై నిమిషాలైంది. బెరిల్ ఐదింటికల్లా లేచిపోతుంది, చర్చిలో పాట ఉంటుంది. ఇక ఈ ప్రపంచానికి మరో ఆదివారం లేదు.

అయినా చూడకుండా ఉండలేక రాతి మెట్లు దిగింది. దీపం కింద ఒక ఆకారం గాలం వేసుకుని కూర్చుని ఉంది. నెత్తి మీద ‘కర్నల్’ అని పేరు.

‘ఎవరది?’ అని చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో బెరిల్ గొంతు విసుగ్గా పలికింది. ‘ఆ గోచీ ముసలాడు చెప్పిన మనిషివి నువ్వేనా?’

‘బెరిల్, నేనే.’

గాలం బెండు రెండుసార్లు మునిగి తేలింది. ఎవరూ లాగలేదు.

‘అక్కా? ఇక్కడికెలా వచ్చావు?’

‘నడిచి.’

‘ఆ కనుమ మీంచా? నీకేమైనా పిచ్చా? దక్షిణపు రేవు నుంచి పడవ ఉంది కదా. ఎక్కి కూర్చుంటే పది నిమిషాలు.’

వెర్నాకు పాఠ్యపుస్తకంలో రెండువందల పన్నెండో పేజీ కళ్ళకు కట్టింది. పేజీ మొత్తానికి ఒకటే వాక్యం. పడవ వద్దు, నీళ్ళ మీద వెనక్కి దారి నిలవదు. ఏ పడవ అని అడగాలని అప్పుడు తోచలేదు. ఇప్పుడు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటూ ఆ ముసలాడెవరని అడిగింది.

బెరిల్ చెప్పింది. గురువారం ఆమె ఊరికే ఒకసారి వచ్చి కూర్చుంటే మెట్ల మీంచి ఒకడు దిగాడు. ఒంటి మీద గోచీ తప్ప నూలుపోగు లేదు, కవచం లేదు, చేతిలో కత్తి లేదు. లాంతరు పాతి, బాణం చెక్కి, ఆదివారం ఒక మనిషి లోపలికి దిగుతోంది, ఆవిడ చేరేదాకా నువ్వు ఇక్కడి నుంచి కదలడానికి వీల్లేదు అన్నాడు. ఎవరో ఏమిటో చెప్పలేదు. ఐదింటికి నాకు పాట ఉందని బెరిల్ అంది. మీ ఐదు కాదు, అరగంట వెనక నడిచే మా ఐదు అన్నాడు. ఏ ఊరయ్యా మీదని అడిగేలోగా వెనక నుంచి పీత వచ్చి చంపేసింది. పోతూ పోతూ కూడా సెలవు తీసుకోలేదు.

‘ఆ అరగంట మాట వినగానే అనుకున్నాను, ఇది మన ఊరి గొడవేనని’ అంది బెరిల్. ‘పాట మానేసి కూర్చున్నాను.’

వెర్నా మూడు నెలలుగా నోట్లో నానబెట్టుకున్న మాట అప్పుడు అంది.

‘బెరిల్, అరవై ఒకటే.’

తెలిసి తెలిసి ఆమె ఒక తప్పుడు జవాబు చెప్పడం జీవితంలో అదే మొదటిసారి.

‘కాదక్కా, అరవై రెండే. పోయినేడు అమ్మ పెట్టె అడుగున రైలు టికెట్టు దొరికింది. చచ్చినా నీకు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.’

‘ఒకటేమోలే. టికెట్టు మీద అంకె చెరిగిపోయి ఉంటుంది.’

‘చెరగలేదు. నువ్వు ఇప్పుడు కూడా నన్ను దిద్దుతున్నావు, తెలుసా?’

అలా ఒకరి తప్పు కోసం ఇంకొకరు పోట్లాడుకుంటూ, చివరికి ఇద్దరికీ ఊపిరాడనంత నవ్వొచ్చింది. జూలైలో రమ్మంది బెరిల్. గది ఖాళీగా ఉందంది. క్యాబేజీ, చీజు కలిపి మన ఊళ్ళో చేసే సలాడు ఇక్కడ ఒక్కరికీ రాదు, మూడేళ్ళుగా నోరు చచ్చిపోయిందంది. ఫోను ఎత్తుతావా అంటే, మొదటి గంటకు ఎత్తను, రెండో గంటకు ఎత్తుతానంది.

హెడ్‌ఫోన్లు తీసేసరికి ఐదున్నర దాటింది. కిటికీ బయట గని దిబ్బ మీద వెలుగు తగ్గుతోంది. నెవ్‌తో సహా అందరూ వెళ్ళిపోయారు. పలక మీద బిళ్ళలన్నీ ‘బయట’ వైపున్నాయి, ఎనభై ఎనిమిది, నాలుగువందల పదిహేడు తప్ప. లైల్ పలక పక్కన స్టూలు మీద టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెర్నా లేచి తన బిళ్ళను ‘బయట’ మేకుకు మార్చింది. అతను దాన్ని ఒకసారి వేలితో తాకి సరిచూసుకుని తనదీ మార్చాడు. ఆ రాక్షసుణ్ణి గోచీతో ఎలా దాటారని ఆమె అడిగింది. పరిగెత్తానన్నాడు. కొట్టకుండానా అంటే, కొట్టడం నాకు సరిగా రాదు కదమ్మా, మేకనడగండి అన్నాడు. అతని మొహం చూస్తే నిజమనిపించింది, కళ్ళు చూస్తే అనిపించలేదు.

ఆమె కోటు తొడుక్కుంటుంటే జేబులో ఏదో కాగితం తగిలింది. తీసి చూసింది. ఎర్ర పెన్సిలు రాత. హోబర్ట్ నుంచి విమానం ఏ రోజుల్లో ఉందో, అది దిగాక ఎడిలైడ్‌లో బస్సు ఎక్కడ ఎక్కాలో, అది తప్పితే తర్వాతి బస్సు ఏదో, అదీ తప్పితే ఎవరికి ఫోను చేయాలో వరసగా ఉన్నాయి. చివర లైల్ ఇంటి నంబరు. వెళ్ళే బస్సు సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆ కాగితం ఇవాళ రాసింది కాదు. మడతలు నలిగిపోయి ఉన్నాయి, అంచుకు టీ మరక ఉంది.

ఏదైనా అందామని ఆమె తలెత్తేసరికి స్టూలు ఖాళీగా ఉంది. వెర్నా గుమ్మంలోకి వచ్చింది. క్లోరైడ్ వీధిలో లైల్ అప్పటికే సగం దూరం పోయాడు, టోపీ పెట్టుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుని, తీరిగ్గా. మలుపు వచ్చింది. ఆ మనిషి వెనక్కి తిరిగి చూడకుండా మలుపు తిరగడం ఆమె చూడటం అదే మొదటిసారి.